సముద్రానికి పోయే సంచికి ఉప్పుకు లొంగే జిప్పా?

కైట్‌సర్ఫింగ్ అంటే పెద్ద పతంగి గాలికి లాగుతుంటే బోర్డు మీద నిలబడి సముద్రంలో జారే ఆట. ఆ సామాను సంచి కొలతలు, జేబులు, రంగులు అమ్మేవాళ్లే ఫొటోలు పెట్టి చెబుతారు. వాటి జోలికి పోను. ఈ నల్ల చక్రాల సంచిని కొన్నేళ్లుగా హనుమకొండ నుంచి రామేశ్వరం దాకా ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను. నా కోపమంతా దీని జిప్పు మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే జిప్పు రన్నర్ మీద, అంటే జిప్పును మూసి తెరిచే ముక్క మీద.

ముందు మంచి మాట చెప్పేస్తాను. బోర్డు, రెండు కైట్లు, పంపు, కైట్‌ను తిప్పే కడ్డీ (బార్), నడుముకు కట్టుకునే పట్టీ (హార్నెస్) అన్నీ ఇందులోనే పడతాయి. పైగా బట్టలకు చోటు మిగులుతుంది. ఎండకు పోతున్నాం కాబట్టి బట్టలెన్ని కావాలి? ఫుల్ హ్యాండ్స్ లైక్రా చొక్కాలు రెండు, షార్ట్స్, ఒక లుంగీ. లుంగీని బోర్డు అడుగున ఉండే రెక్కలకు (ఫిన్లకు) చుట్టేస్తాను, అవి కైట్ బట్టను గీరవు. లైక్రా దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రామగుండం ఎండలు చూసినవాళ్లం, మనకేమవుతుందిలే అనిపిస్తుంది. మన ఎండ ఒళ్లు మండించి నీడకు పొమ్మంటుంది. సముద్రం మీద గాలి చల్లగా తగులుతూనే ఉంటుంది, వీపు కాలిన సంగతి రాత్రి పడుకున్నాక తెలుస్తుంది. యూపీఎఫ్ అంటే బట్ట ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె. యూపీఎఫ్ 50 అని ఉన్న బట్ట అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతునే లోపలికి పోనిస్తుంది. తడిసిన తెల్ల కాటన్ బనీను ఆ పని చేయదు. ఇవి కాక జింక్ ఉన్న సన్‌స్క్రీన్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక పౌడర్ డబ్బా. పౌడర్ నాకు కాదు, కైట్‌లో గాలి నింపే తిత్తులు (బ్లాడర్లు) మడతల్లో అంటుకుపోకుండా చల్లడానికి.

చక్రాలు కూడా గట్టివే. రామేశ్వరం దీవికి పోయే పాత పాంబన్ వంతెన మీద 2022 డిసెంబర్‌లో రైళ్లు ఆపేశాక వంతెనకు ఇవతల మండపంలోనే దిగాల్సి వచ్చేది. అక్కడి నుంచి ఆటోలు, బస్సులు మారుతూ పోయినా చక్రాలకు ఏమీ కాలేదు. 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన తెరిచాక ఆ బాధ తప్పింది.

ఇక రన్నర్ కథ. పైకి నల్ల రంగేసి నిగనిగలాడే లోహపు రన్నర్ అది. ఉప్పునీళ్లు తగిలిన కొన్నాళ్లకు రంగు కింద తెల్లటి పొడి కట్టడం మొదలైంది. ఉప్పేలే, కడిగితే పోతుందనిపిస్తుంది చూసినవాళ్లకి. పోదు. అది లోహం తినేసుకుపోయి వచ్చిన పొడి. రామేశ్వరంలో నైరుతి గాలి బాగా వీచే రోజుల్లో ఒక తిరుగు ప్రయాణం. సాయంత్రం రైలు. అన్నీ సర్ది జిప్పు లాగితే సగం దాకా వచ్చి ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. లాడ్జి ఆయన కొబ్బరి నూనె ఇచ్చాడు, పోశాను. వేడినీళ్లు పోశాను. నిమ్మకాయ రుద్దాను. పక్క గది కుర్రాడు పట్టకారు తెచ్చి, "నేను లాగుతా అన్నా" అని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. లాగే నాలుక ఊడి అతని చేతిలోకి వచ్చింది, రన్నర్ మాత్రం ఉన్నచోటే ఉంది. పాపం, వాడి ముఖం చూసి నేనే ఓదార్చాల్సి వచ్చింది.

బట్టలారేసే తాడు కోసి సంచి చుట్టూ కట్టాం. హార్నెస్ కొక్కెం బయటికి పొడుచుకు వచ్చి దారిలో వచ్చేపోయేవాళ్ల మోకాళ్లకు తగులుతోంది. అసలే రైల్లో పెట్టె పొడవు 100 సెంటీమీటర్లు దాటకూడదని నియమం. అది దాటిన సామాను బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైలుకుండే సామాను బోగీలో వేయాలి. మామూలుగా ఎవరూ పట్టించుకోరు గానీ, తాడుతో కట్టిన ఇంత పొడుగు మూటను చూస్తే ఎవరికైనా అనుమానమే కదా. టీటీఈ ఆగాడు.

"ఏముంది లోపల?"

"పతంగి సార్."

"ఇంత పెద్ద పతంగా? సంక్రాంతి ఎప్పుడో అయిపోయింది కదయ్యా!"

కైట్ కొస పట్టి చూపిస్తే నవ్వి వదిలేశాడు. చెన్నైలో ఎగ్మోర్ స్టేషన్ నుంచి సెంట్రల్‌కు మారేటప్పుడు మాత్రం నవ్వు రాలేదు. తాడు జారి బార్ లైన్లు బయట పడ్డాయి. ఒక్కోటి ఇరవై మీటర్లకు పైనే ఉండే దారాలు, ప్లాట్‌ఫాం మీద జనం కాళ్ల మధ్య. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగేదాకా టెన్షనే.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, ఉప్పునీటి వల్ల పాడైతే వారంటీ వర్తించదన్నారు. సముద్రంలో ఆడే ఆట సామాను కోసం అమ్మే సంచికి ఇదీ సమాధానం! చివరికి వరంగల్ చౌరస్తా దగ్గర బ్యాగులు బాగుచేసే ఆయన ముందు పెట్టాను. వేలితో జిప్పు తడిమి చూసి, "పండ్లు మంచిగనే ఉన్నయి. రన్నర్ ఒక్కటే పోయింది. కటింగ్ ప్లేయర్‌తోటి తీసి కొత్తది ఎక్కిస్తే నడుస్తది" అన్నాడు. పది నంబర్ రన్నర్ వెతికి, జిప్పు కొస కుట్టు విప్పి ఎక్కించి, మళ్లీ కుట్టి ఇచ్చాడు. ఒక చాయ్ తాగేంత సేపు పట్టింది. పోయేటప్పుడు అదే రన్నర్ ఇంకొకటి కొని జేబులో వేసుకోమన్నాడు, వేసుకున్నాను.

అప్పటి నుంచి రోజూ నీళ్లలోంచి వచ్చాక రన్నర్‌ను మంచినీళ్లతో కడిగి, అటూ ఇటూ రెండుసార్లు నడిపి, ఆరాక కొవ్వొత్తి రుద్దుతాను. తడి హార్నెస్‌ను ఈ సంచిలోకి రానివ్వను. ఖాళీ బియ్యం సంచిలో వేస్తాను, అల్లిక సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఇంటికొచ్చాక సజ్జ మీద పెట్టను, ఎండాకాలం స్లాబు వేడికి కైట్ వాల్వుల జిగురు మెత్తబడి ఊడుతుంది. మంచం కిందే దీని చోటు.

చోటు ఎక్కువని పైన మెచ్చుకున్నాను గానీ, చోటుంది కదా అని నింపితే మోసేది మనమే. చక్రాలు ప్లాట్‌ఫాం మీద పరుగెత్తుతాయి, ఇసుకలో మాత్రం పాతుకుపోతాయి. అక్కడ భుజానికెత్తుకోవాల్సిందే. ఆటోలో అడ్డంగా పెడితే రెండు పక్కలా బయటికొస్తుంది.

రైల్లో పోయేవాడిని, బాగుచేసే మనిషి ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి నాకు ఇది నడుస్తోంది, మార్చే ఆలోచన లేదు. వరంగల్ పక్కనున్న మామునూరులో విమానాలు మొదలయ్యేదాకా మాకు విమానమంటే శంషాబాదే. దేశంలో తిరిగే విమానాల మామూలు టికెట్ల మీద ఎక్కువగా 15 కిలోలే ఉచితం, ఈ సంచి నిండితే అది దాటిపోతుంది. మా బావమరిది ఇదే కొంటానంటున్నాడు. అతను విమానంలో పోయే మనిషి, పైగా ఏ వస్తువూ కడిగే అలవాటు లేదు. వద్దన్నాను. ప్లాస్టిక్ రన్నర్ ఉన్న చిన్నది ఏదైనా దొరికితే చూడమన్నాను.