బాల్డర్స్ గేట్ మొదటి భాగం: ఆ ఒక్క టిక్కు పెట్టుకుని ఆడండి

1998 నాటి ఈ కంప్యూటర్ ఆటను కొత్తవాళ్లు మధ్యలో వదిలేసేది బొమ్మలు పాతబడినందుకని అందరూ అంటారు. రెండేళ్లుగా ఆడుతున్నాను, నాకైతే అలా అనిపించలేదు. కత్తి పట్టుకున్న మన మనిషి ఎదురుగా ఉన్న తోడేలును వరసగా ఆరు దెబ్బలు కొడతాడు, ఒక్కటీ తగలదు. ఎందుకు తగల్లేదో తెలియదు. "ఇదేందబ్బా" అని ల్యాప్‌టాప్ మూసేస్తారు. 2023లో వచ్చిన మూడో భాగం ఆడి ఇటు వచ్చినవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అక్కడ మౌస్ పెడితే చాలు, దెబ్బ తగిలే అవకాశం శాతాల్లో కనిపిస్తుంది.

ఇక్కడా చెప్పే ఏర్పాటు ఉంది, కాకపోతే లోపల దాక్కుని ఉంటుంది. ఆప్షన్స్‌లో గేమ్‌ప్లే, దానిలో ఫీడ్‌బ్యాక్, ఆ జాబితాలో టు హిట్ రోల్స్. అక్కడ టిక్కు ఉందో లేదో మొట్టమొదట చూసుకోండి. అది ఉంటే ప్రతి దెబ్బకూ కింది పెట్టెలో ఒక వరస పడుతుంది: పాచిక ఎంత పడింది, దానికి ఎంత కలిసింది, మొత్తం ఎంత, తగిలిందా తప్పిందా. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ వరసే.

థాకో, అంటే మనవాడి కొట్టే సత్తా చూపే అంకె, అనే మాటకు అందరూ భయపడతారు గానీ అది ఒక్క తీసివేత. మన థాకోలోంచి ఎదుటివాడి ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ కాచుకునే సత్తా చూపే అంకె, తీసేయాలి. ఇరవై ముఖాల పాచిక మీద మిగిలినంతో, అంతకన్నా ఎక్కువో పడాలి. మొదటి లెవెల్ ఫైటర్ థాకో 20. గొలుసు కవచం తొడుక్కున్నవాడి ఆర్మర్ క్లాస్ 5. అంటే 15 పడాలి. 15 నుంచి 20 దాకా ఆరు ముఖాలు, నూటికి ముప్పై. పదింట ఏడు దెబ్బలు గాల్లోకే. తికమక పెట్టేది ఒక్కటే, రెండు అంకెలూ తగ్గేకొద్దీ మంచిది. ఆర్మర్ క్లాస్ సున్నా దాటి మైనస్‌లోకి కూడా పోతుంది. అది మైనస్ 2 ఉన్నవాడి మీద లెక్క ప్రకారం 22 పడాలి. పాచిక మీద 22 లేదు కాబట్టి నికరంగా 20 పడితేనే తగులుతుంది. 20 ఎప్పుడూ తగులుతుంది, 1 ఎప్పుడూ తప్పుతుంది.

ఈ లెక్క తెలిసి పెట్టెను చూస్తే ఆట స్వరూపమే మారిపోతుంది. ఒకే మనిషి, ఒకే ఆయుధం, ఒకే శత్రువు: మొత్తం 13 తప్పింది, 16 తగిలింది, తర్వాత 14 తప్పింది. కావలసింది 15 లేదా 16. ఇక వాడి ఆర్మర్ క్లాస్ ఎంతో వెనక్కి లెక్కగట్టొచ్చు. రమ్మీలో పక్కవాడు ఎత్తిన ముక్కను బట్టి వాడి చేతిలో ఏముందో పట్టేసినట్టే. కొట్టాలా, పారిపోవాలా అన్నది మూడు నాలుగు దెబ్బల్లో తేలిపోతుంది.

విల్లు ఎందుకు మేలో కూడా పెట్టె చూస్తేనే అర్థమైంది. డెక్స్టెరిటీ, అంటే చురుకుదనం, 18 ఉంటే బాణానికి 2 కలుస్తుంది, ఆరు సెకన్ల రౌండులో రెండు బాణాలు పడతాయి. మొదట్లో మన జట్టు ఆరుగురిలో కనీసం ముగ్గురికి విల్లులు ఇవ్వండి. విల్లు విరగదు కూడా. ఇనుము చెడిపోవడం ఇక్కడ కథలో భాగం కాబట్టి మామూలు ఇనుప కత్తులు పోట్లాట మధ్యలో విరిగిపోతాయి. ఇంకో కత్తో, దుడ్డుకర్రో పక్క స్లాటులో ఉంచుకోండి. ఆటో పాజ్‌లో వెపన్ అన్‌యూజబుల్ ఆన్ చేస్తే కత్తి విరిగిన క్షణంలోనే ఆట ఆగుతుంది. లేకపోతే ఫైటర్ పిడికిళ్లతో గుద్దుతున్న సంగతి చచ్చాక గానీ తెలియదు.

ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం మెట్ల మీద ఎదురయ్యే మంత్రగాడు టార్నెష్ దగ్గర చాలామంది ఆట ముగిసిపోతుంది. వాడు ముందు తన ప్రతిబింబాలు పుట్టించుకుంటాడు, తర్వాత మనవాళ్లను భయపెట్టే మంత్రం వేస్తాడు. భయపడ్డవాళ్లు మన మాట వినరు. మంత్రం చదివేటప్పుడు దెబ్బ తగిలితే ఆ మంత్రం పోతుంది. కాబట్టి మన జట్టులోని ఇమోయెన్ దగ్గరున్న మ్యాజిక్ మిసైల్ దండాన్ని దాచుకోకుండా అక్కడే వాడండి. అందరినీ ఒకేచోట నిలబెట్టకండి.

ఇంత పొగిడాక చెప్పాలి గదా, ఆరుగురు ఒకేసారి కొట్టుకుంటుంటే పెట్టెలో వరసలు చదివేలోపే పైకి పోతాయి. స్పేస్ నొక్కి ఆపి, పెట్టెను పైకి లాగి చదవాలి. ఫోన్ కూర్పులో ఆ అక్షరాలు చదవడం కళ్లకు శిక్షే.

పెట్టె ఏమాత్రం పనికిరాని చోటు కూడా ఒకటుంది, ఫైర్‌వైన్ వంతెన కింది శిథిలాలు. అక్కడి దారులు ఒక్క మనిషి పట్టేంత సన్నం. ఆరుగురినీ ఎంచి దూరంగా క్లిక్ చేశామంటే ముందువాడు ఆగుతాడు, వెనకవాడికి దారి మూసుకుపోతుంది. మన వైకుంఠం క్యూలో అయితే వెనకనుంచి ఒక తోపుతో వరస కదులుతుంది. ఇక్కడ తోపు లేదు. వెనకవాడు "సరే, చుట్టూ తిరిగి వస్తా" అన్నట్టు వెనుదిరిగి, ఉచ్చులున్న వేరే దారిలో ఒంటరిగా నడిచిపోతాడు. అటు నిప్పు బాణాలు వేసే కోబోల్డులనే పొట్టి జీవులు. చంపిన కొద్దీ మళ్లీ పుడతాయి. శత్రువు దగ్గర్లో ఉంటే సేవ్ అవదు, విశ్రాంతీ దొరకదు. పాత డిస్కుల కూర్పులో బాల్డర్ డాట్ ఐఎన్ఐ ఫైలులో పాత్ సెర్చ్ నోడ్స్ అనే దారి వెతికే అంకె పెంచుకుంటే కాస్త నయం. 2012లో మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లోనూ నాకు ఈ గొడవ పూర్తిగా తప్పలేదు.

అక్కడ పనిచేసిన పద్ధతి ఇది. నలుగురిని ప్రవేశం దగ్గరే వదిలేయాలి. ఉచ్చులు వెతికే దొంగ, వెనక ఒక విలుకాడు, ఇద్దరే కదలాలి. తెర మీద కనిపించేంత దూరం దాటి క్లిక్ చేయకూడదు. మలుపు శుభ్రమయ్యాక మిగతావాళ్లను ఒక్కొక్కరిగా, వరసలో చివరికి చేరాల్సినవాణ్ణి చివరికి వదిలి పిలవాలి. విసుగే. గల్లీకిన్ ఊరి వైపు నుంచి దిగే దారీ ఉంది. అసలు ఆ శిథిలాలు వదిలేసినా ముఖ్య కథకు నష్టమేమీ లేదు.

నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. మే నెల తిరుపతి ఎండలో కొత్త ఆట తెరిస్తే ఫ్యాను మోతకు పక్కగదివాళ్లు తలుపు కొడతారు. ఇది చప్పుడు లేకుండా ఆడుతుంది, నెట్ అక్కర్లేదు, కరెంటు పోయేలా ఉంటే కీబోర్డులో క్యూ అక్షరం నొక్కితే సేవ్ అవుతుంది. నా పొగడ్తలో కొంత వాటా ఆ ఫ్యానుకు పోవాలి. మంచి మెషిన్ ఉండి, రోజుకు అరగంట మించి తీరిక లేనివాళ్లకు ఇదే సలహా ఇస్తానని చెప్పలేను. వాళ్లు 1997 నాటి ఫాలౌట్ అనే ఆటతో మొదలుపెడితే సులువు. అందులో గురిపెట్టి కొట్టేటప్పుడు ఏ అవయవానికి ఎంత శాతమో ముందే కనిపిస్తుంది.