41 మీద మోజు

తరమణిలోని మా ల్యాబులో గాలిలో మీథేన్ ఎంతుందో కొలిచే ఈ కావిటీ రింగ్-డౌన్ మిషన్‌తో నాలుగేళ్ళ కాపురం నాది. స్క్రీన్‌లో ఓ మూల రింగ్-డౌన్ టైమ్ అని చిన్న అంకె ఉంటుంది. కొత్తలో 41 మైక్రోసెకన్లు. లేజర్ ఆపేశాక కావిటీలో, అంటే అద్దాల మధ్య, చిక్కుకున్న వెలుతురు మూడో వంతుకు కాస్త పైగా మిగిలేసరికి పట్టే సమయం అది. అద్దాల మధ్య దూరం జానెడు, ఈలోపు వెలుతురు నడిచేది 12 కిలోమీటర్లు! ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా ఈ లెక్క చెప్పి విసిగించాను.

లేజర్ వెలుగు హెచ్చినా తగ్గినా దీనికి పట్టదు. ఎంత వెలుగుందో కాదు, ఎంత తొందరగా ఆరిపోతోందో చూస్తుంది; మీథేన్ వెలుగును తినేస్తుంది కాబట్టి, అది ఎక్కువుంటే వెలుగు ఇంకా తొందరగా ఆరుతుంది. 1988లో ఓ'కీఫ్, డీకన్ ఈ పద్ధతిని పల్స్ లేజర్‌తో చూపించారు. పల్సుకూ పల్సుకూ పొంతన లేకపోయినా కొలత చెడకపోవడమే అందులోని సొగసు.

మూడో ఏడు వానల్లో మాత్రం దెబ్బ తిన్నాం. మేడ మీంచి గాలి తెచ్చే ట్యూబు సరిగ్గా ఏసీ ఎదురుగా వేలాడేది. గది 21 డిగ్రీలు, బయట చెన్నై గాలి సంగతి తెలిసిందే. చల్లని గ్లాసుకు బయట పట్టినట్టే ట్యూబుకు లోపల చెమట పట్టింది. వంపులో చేరిన నీళ్ళను ఓ రాత్రి పంపు ఫిల్టరుతో సహా తడిపేసి లోపలికి లాగేసింది. పొద్దున చూస్తే మీథేన్ సుమారు 2 పీపీఎమ్ (పది లక్షల్లో రెండు వంతులు), ఎప్పటిలాగే. గ్రాఫు గీత కొంచెం వణుకుతోంది, అంతే. నేనూ పట్టించుకోలేదు. మూడు వారాల తర్వాత ఆ మూల అంకె చూస్తే 29!

అద్దం మీది మురికి అన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరా దాదాపు ఒకేలా వెలుగును తినేస్తుంది. మిషన్ మీథేన్ వెలుగును తినే తరంగదైర్ఘ్యం దగ్గరా, దాని పక్కనా కొలిచి తేడా తీస్తుంది కాబట్టి సగటు చెడలేదు, నాణ్యత చెడింది. ఏమైనా కొలత చెడదని మురిశానే, ఆ గుణమే జబ్బును దాచిపెట్టింది. అద్దాలు మనం తుడిచేవి కావు. కావిటీని కంపెనీకి పంపితే రెండు నెలలు పట్టింది, తిరిగొచ్చాక 38 దగ్గర ఆగింది.

ఇప్పుడు ట్యూబును ఏసీకి దూరంగా జరిపి హీటింగ్ టేపు చుట్టాం, దారిలో నీళ్ళను పట్టి ఆపే ఉచ్చు పెట్టాం, గదిని 26కు తెచ్చాం. మిషన్ కదలదు, ఏసీ ఆగదు, పొద్దున్నే అంకె రాసుకునే అటెండర్ ఉన్నాడు కాబట్టి మాకు నడుస్తోంది. వ్యానులో పెట్టుకుని ఊరంతా తిరిగేవాళ్ళకు కొనమని చెప్పే ధైర్యం నాకు లేదు.