సెట్టింగులు ఎన్ని ఉన్నాయో చూసి మ్యూజిక్ ప్లేయర్ కొనకండి

డబ్బు పెట్టి మ్యూజిక్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కొనబోతున్నవారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవారి కోసం కొంటున్నవారు, దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

మాది కావలి. నాన్నగారు ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్లకు ఆడిన పద్య నాటకాలు, చెప్పిన హరికథలు టేప్ రికార్డరులో పట్టి దాచుకున్నారు. మొత్తం 142 క్యాసెట్లు. తొంభై నిమిషాల క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే అది తొంభై నిమిషాలూ తిరగవలసిందే, దగ్గరి దారి లేదు. నాకు ఏడాదిన్నర పట్టింది. క్యాసెట్ సంఖ్య, ఏ వైపో బీ వైపో, అందులో ఎన్నో పద్యమో, ఇవే ఫైలు పేర్లుగా పెట్టాను. మొదటి నలభై క్యాసెట్లకు ట్యాగుల్లో, అంటే ఫైలు లోపలే పాట పేరు, పాడినవారి పేరు రాసుకునే చోట, తెలుగు పేర్లు కూడా రాశాను.

నాన్నగారు సులువుగా వినేందుకు మంచి ప్లేయర్ కావాలని నెల్లూరు వెళ్లి, ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో 2,800 రూపాయలకు లైసెన్సు కొన్నాను. రంగులు, అక్షరాల పరిమాణం, బొత్తాల చోటు, జాబితా వరుస, అన్నీ మనకు నచ్చినట్లు మార్చుకోవచ్చన్నారు. ఆ మాటకే పడిపోయాను.

తెరిచాక సెట్టింగుల్లో పంతొమ్మిది విభాగాలు కనిపించాయి. ఒక్కో దానిలో మళ్లీ నాలుగైదు పుటలు. అక్షరాలు పెద్దవి చేయడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. మూడో రోజు నాన్నగారి చేయి తగిలి ఒక పలక పక్కకు జరిగింది, ప్లే బొత్తం మాయమైంది. కుదిర్చిన అమరిక కదలకుండా బిగించే వీలు అందులో లేదు. మొదటి స్థితికి తెచ్చే బొత్తం ఉంది కానీ, అది నొక్కితే మనం చేసుకున్న జాబితాలు కూడా పోతాయి.

అసలు నష్టం అది కాదు. ట్యాగులను బట్టి ఫైళ్ల పేర్లు మార్చి, వేరే ఫోల్డర్లలో సర్దే ఏర్పాటు ఒకటి అందులో ఉంది. నేను ముట్టుకోకముందే అది పనిచేస్తోంది. ట్యాగులను పాత పద్ధతిలో తిరగరాసే ఏర్పాటు కూడా అంతే. ఎంపీ3 ట్యాగుల తొలి పద్ధతి 1996 నాటిది. పాట పేరుకు అందులో 30 బైట్లే చోటు, అదీ ఇంగ్లీషు వంటి లిపులకే. తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు కనుక అవి అడుగు గీతలుగా (_) మారాయి. ట్యాగులు లేని మిగతా క్యాసెట్లన్నీ ‘తెలియని కళాకారుడు’ అనే ఒకే ఫోల్డర్‌లో కుప్పపడ్డాయి.

“అమ్మాయీ, రాయబారం మధ్యలో హరికథ వస్తోంది. నా క్యాసెట్ ఏమైందమ్మా?” అని నాన్నగారు అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. నాటకానికి వరుసే ప్రాణం.

డబ్బు వాపసుకు గడువు పద్నాలుగు రోజులు. నేను గమనించింది ఇరవయ్యో రోజున. ఆ ఏర్పాటును ఆపేసుకోవలసింది మీరేనని సహాయ విభాగం జవాబిచ్చింది. ఈ జవాబును నేను ఒప్పుకోను. మార్చుకునే వీలు ఉండటం వేరు, మార్చుకోకపోతే నష్టపోవడం వేరు. తెలిసినవారు తయారు చేసి ఇవ్వవలసిన నిర్ణయాలను కొన్నవారి నెత్తిన వేసి, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం అన్యాయం.

అలాగని ఒకే బొత్తం ఉన్న ప్లేయరూ మాకు పనికిరాలేదు. టాబ్లెట్‌లో ఉన్నది ఫోల్డర్ వరుసను పట్టించుకోకుండా అన్నీ అక్షర క్రమంలో కలిపేస్తుంది. ఇప్పుడు ఫూబార్ 2000 వాడుతున్నాం, ఉచితమే. 2002 నుంచి ఉన్న ఈ ప్లేయర్‌లోనూ మార్పులకు అంతులేదు. కానీ తెరవగానే సాదా జాబితా కనిపిస్తుంది. ఫైళ్ల పేర్లు మనం అడిగితేనే మారుస్తుంది, అదీ కొత్త పేర్లు ముందుగా చూపించాకే. పాత మ్యూజిక్ ప్లేయర్ విన్‌ఆంప్ వాడినవారికి గుర్తుండే ఉంటుంది. 2002లో మూడో రూపం బరువెక్కి జనానికి నచ్చకపోతే, రెండో రూపంలోని తేలికదనాన్ని తిరిగి కలిపి 2003 చివర్లో ఐదోది తెచ్చారు. ఇరవై ఏళ్ల కిందటే తెలిసిన సంగతి ఇది.

కాబట్టి కొనేముందు పది ఫైళ్ల నకళ్లు మాత్రమే వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఒక్క సెట్టింగు కూడా మార్చకుండా వారం రోజులు వాడండి. పేర్లు, ట్యాగులు చెక్కుచెదరకుండా ఉన్నాయా, తెలుగు అక్షరాలు నిలిచాయా చూడండి. వాడబోయే పెద్దవారినే కూర్చోబెట్టి, మీరు ఏమీ చెప్పకుండా గమనించండి. అసలు సేకరణకు వేరే డిస్కులో నకలు ఉంచకుండా ఏ ప్లేయర్‌కూ దాన్ని అప్పగించకండి.

నా దగ్గర 90 క్యాసెట్ల వరకే నకలు ఉంది. మిగతా 52 మళ్లీ ఎక్కిస్తున్నాను. సముద్రపు గాలికి కొన్నిటికి బూజు పట్టింది. 97వ క్యాసెట్ బీ వైపు తిరుగుతూ ఉండగానే టేపు తెగింది. అతికించాను కానీ, తెగిన చోట పద్యంలో రెండో పాదం పోయింది. ఆ పాదం నాన్నగారు నోటితో పాడితే రికార్డు చేసి పక్కన పెట్టాను.