టైమర్ ఉన్న బెలూన్ మెషీన్: మూడేళ్లు వాడాక నా మాట

బుడగలకి గాలి కొట్టే రెండు నాజిళ్ల (గాలి వచ్చే మూతుల) కరెంటు మెషీన్ ఎట్ట ఉంటుందో, ఎన్ని వాట్లో, డబ్బాలో ఏమేం వస్తాయో ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నేను రాసేది దాని టైమర్ గురించే. టైమర్ లేని మెషీన్‌కు దాదాపు రెట్టింపు డబ్బు పోసి దీన్ని కొన్నాను. మొదటి ఏడాదంతా కనిపించినవాళ్లందరి దగ్గరా దీన్ని పొగిడాను. నా మాట మీద కావలిలో ఒకామె, ఒంగోలులో ఇద్దరు కొన్నారు. వాళ్లకోసమైనా ఇప్పుడు తెలిసింది రాయాలి.

మాది కోవూరు. బట్టలు కుట్టుకుంటూ పక్కన మొదలుపెట్టిన బెలూన్ల పని ఇప్పుడు ఇంటికి ముఖ్యమైన ఆదాయమైంది. మా తోడికోడలి కొడుకు డిగ్రీ చదువుతూ నాకు తోడొస్తాడు. ఆర్చీలు, పిల్లర్లు అందరూ వేస్తారు. నాకు ఇష్టమైంది బొమ్మలు. ఏనుగు, నెమలి, పడవ, కొంగ. అడిగిన బొమ్మ ఏదైనా కాదనకుండా చేస్తాననే పేరు మీదే నాకు పని వస్తుంది.

బొమ్మకి బుడగలన్నీ ఒకే సైజులో ఉంటే చాలదు, వరసగా తగ్గుతూ రావాలి. ఏనుగు తొండం మొదట్లో లావు, కొసన సన్నం. నాలుగు బుడగలు కలిపి ఒక గుత్తి కడతాం. కింది గుత్తి సందుల్లో పై గుత్తి కూర్చుంటుంది. నాలుగింట్లో ఒక్కటి పెద్దదైతే ఆ గుత్తి ఒక పక్కకి ఒరుగుతుంది, దాని మీదవన్నీ ఇంకా ఒరుగుతాయి. ఇదివరకు కంటి అంచనాతో నింపేదాన్ని. సగం పని గాలి తీయడం, మళ్లీ కొట్టడం. ఈ మెషీన్‌లో సెకన్లు పెట్టుకుంటే, నాజిల్‌కి తొడిగి నొక్కగానే అంతే గాలి వచ్చి ఆగిపోతుంది. నాలుగు సైజులు గుర్తుపెట్టుకునే బటన్లు కూడా ఉన్నాయి. మొదటిసారి తొండం చేసినప్పుడు గుత్తులన్నీ మెట్లు దిగినట్టు వరసగా కూర్చుంటే నాకు కళ్లు చెమర్చాయి. అబద్ధం కాదు. మూడు గంటల పని గంటంబావులో అయింది.

"కళ్లు మూసుకుని నింపినా సమానంగా వస్తాయి" అని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆ మాటకు ముందు "కరెంటు సమానంగా ఉంటే" అని ఇప్పుడు చేర్చాలి.

అది తెలిసింది ఇందుకూరుపేట వైపు ఒక ఊళ్లో, నిరుడు సంక్రాంతి దాటాక. రొయ్యల రైతు. మొదటి రెండు పంటలూ పోయి, మూడోది నిలబడిన ఏడాది కొడుకు పుట్టాడట. వాడి మొదటి పుట్టినరోజు. "కార్టూన్ బొమ్మలేం వద్దక్కా. మమ్మల్ని నిలబెట్టింది రొయ్య. స్టేజీ మీద రొయ్యే ఉండాల" అన్నాడు. నాకు ఎంత సంబరమైందో. నేను ఫోన్లో నారింజ రంగు రొయ్య బొమ్మ చూపిస్తే ఒప్పుకోలేదు. "అది ఉడికిన రొయ్యక్కా. మాకు బతికున్నది కావాల" అన్నాడు. నిజమే కదా! వనామి రొయ్య చెరువులో ఉన్నప్పుడు లేత బూడిద రంగులో, లోపలివన్నీ కనపడేటట్టు ఉంటుంది. ఎర్రబడేది పొయ్యి మీదనే. అందుకని బూడిద, ముత్యపు తెలుపు, తోక కొసకి కాస్త ఎర్రటివి తీసుకున్నాను. రొయ్య పొట్టకి ఆరు కణుపులని, నడిచే కాళ్లు ఐదు జతలు, ఈదే కాళ్లు ఐదు జతలని ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు. ఇంతకాలం వండుకు తింటున్నా నేనెప్పుడూ లెక్కపెట్టింది లేదు.

తల, తోక మధ్యాహ్నం ఇంట్లోనే నింపి పెద్ద కవర్లలో కట్టుకున్నాం. ఆటోలో ఇంక చోటు లేదు. నడుము భాగం, అంటే ఆరు కణుపులకి ఆరు గుత్తులు, ఇరవై నాలుగు బుడగలు అక్కడే నింపుదామనుకున్నాం. 10 అంగుళాల నుంచి 7 దాకా తగ్గుతూ రావాలి. టైమర్‌లో అన్నీ ముందే పెట్టి ఉంచాను.

సాయంత్రం ఆరున్నరకి మెషీన్ వేశాం. చప్పుడే తేడాగా ఉంది, గొంతు పూడినట్టు. టెంటు కింద పాటలు పెట్టారు కాబట్టి నేను దాన్ని పట్టించుకోలేదు. గుత్తులు కట్టాం, వంపు కోసం వేసిన అల్యూమినియం తీగకి ఎక్కించాం. వెనక్కి వచ్చి చూస్తే తల బాగుంది, తోక బాగుంది, నడుము మాత్రం లోపలికి పీక్కుపోయింది. పిల్లాడి నాయనమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. "ఏంది మా, రొయ్య నడుంకాడ ఇట్ట చిక్కిపోయింది? మేత తినట్లేదా?" అంది. ఆమె నవ్వుతూనే అంది. పక్కనున్న కొడుకు మొహంలో మాత్రం నవ్వు లేదు. మేత మానేసి చిక్కిన రొయ్య అంటే ఆ ఇంట్లో ఏంటో నాకు అప్పుడే అర్థమైంది. చెరువులో తెగులు మొదలైనప్పుడు వాళ్లు ముందు చూసేది అదే. రెండు పంటలు అట్ట పోగొట్టుకున్న మనిషి. కొడుకు పుట్టినరోజున ఎదురుగా అదే బొమ్మ. "అక్కా, అది మటుకు మార్చు" అన్నాడు మెల్లగా. నా మీద కోప్పడినా నేను ఇంత బాధపడేదాన్ని కాదు.

టైమర్‌లో అంకెలు మారలేదు. మా వాడు ఫోన్లో రాసుకున్నది చూసి, "పిన్నీ, పొద్దున పెట్టిన సెకన్లే" అన్నాడు. టేపుతో కొలిస్తే తొమ్మిదిన్నర రావాల్సింది ఎనిమిది దాకా వచ్చి ఆగింది. కింద పూల కోసం తెచ్చిన 5 అంగుళాలవైతే సరిగ్గా నోరు కూడా తెరవలేదు. టెంటు కరెంటు పని చూసే అబ్బాయి మీటరు పెడితే 172 వోల్టులు చూపించింది. 230 ఉండాల్సిన చోట. అది వినగానే రైతు అన్నాడు, "చెరువుల కాడ నీళ్లల్లో గాలి కలిపే ఏరేటర్లు వేసే టైమక్కా ఇది. పొద్దు గూకితే నీళ్లల్లో ఆక్సిజన్ తగ్గుద్ది. ఊరంతా ఒకేసారి వేస్తారు, తెల్లారిందాకా ఆపరు."

టైమర్ గాలిని కొలవదు, సెకన్లను లెక్కపెడుతుంది. అంతే. వోల్టేజీ తగ్గితే మోటారు నిదానిస్తుంది, అదే సెకన్లలో తక్కువ గాలి వస్తుంది. ఆ తర్వాత నెల్లూరులో మోటార్లు చుట్టే షాపాయన ఇంకో మాట చెప్పాడు, అది నాకు బాగా పనికొచ్చింది. మెషీన్ లోపలి ఫ్యాను వేగం సగమైతే గాలిని నెట్టే బలం సగం కాదు, పావు వంతుకు పడిపోతుందట. బుడగేమో మొదట్లోనే మొండిగా ఉంటుంది. నోటితో ఊదేవాళ్లకి తెలుసు, మొదటి రెండు ఊపిర్లే కష్టం, ఆ తర్వాత సులువు. చిన్న సైజులకి మనం పెట్టేదే ఒక సెకను, సెకనున్నర. ఆ కాస్త టైమూ బుడగ మొండితనం తీరడానికే అయిపోతుంది. చిన్నవి ఎందుకు అంత అన్యాయంగా వచ్చాయో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది కేకు వచ్చిన అట్టపెట్టె. నాయనమ్మే వంటింట్లోకి పోయి డబ్బా మూతలు, గిన్నె మూతలు ఒళ్లో వేసుకొచ్చింది. టేపుతో కొలిచి, కావాల్సిన సైజుకి దగ్గరగా ఉన్న మూతలు పెట్టి గీసుకుని, పెట్టె నాలుగు పక్కలా గుండ్రంగా కన్నాలు కోశాం. టైమర్ తీసేసి, చేతి ఒత్తిడితో నడిచే పద్ధతిలో పెట్టుకుని కొంచెం ఎక్కువే నింపడం, కన్నంలో పెట్టి అంచుకు తాకేదాకా గాలి వదలడం, ముడెయ్యడం. ఇరవై నాలుగింటికి ఇరవై ఐదు నిమిషాలు. ఆరు కణుపులూ వరసగా దిగాయి. రైతు వచ్చి వేలితో ఒక్కొక్కటీ తాకుతూ ఆరు దాకా లెక్కపెట్టుకున్నాడు.

ఇంక మీసాలు, కాళ్లు. వీటికి వాడేది రెండు అరవైలు, అంటే నింపితే 2 అంగుళాల లావు, 60 అంగుళాల పొడవు వచ్చే సన్నవి. వీటిని ఈ కరెంటు మెషీన్ ఏ వోల్టేజీలోనూ నింపలేదు, అంత ఒత్తిడి దానికి లేదు. తోసినా లాగినా గాలి కొట్టే చేతి పంపే దీనికి గతి. మీసాలకేం, రొయ్యకి లేవా బారెడు అంటారు కదా, ఆ బారెడు మీసాలు రెండూ చేతి పంపుతోనే వచ్చాయి. అప్పుడు గమనించాను. పదిహేను తోపులంటే పొద్దునా పదిహేను తోపులే, రాత్రీ పదిహేను తోపులే. ఏరేటర్లు వేసినా వెయ్యకపోయినా దానికి తేడా లేదు. పొడవులు ఈడుజోడుగా వచ్చాయి. ఇన్నేళ్లూ చౌకదని మూలన పడేసిన ప్లాస్టిక్ పంపు మీద అంత గౌరవం నాకు ముందెప్పుడూ లేదు. కానీ నాలుగు వందల బుడగల ఆర్చికి చేతి పంపు పట్టుకుంటే భుజం పడిపోతుంది, అదీ ఉంది.

మెషీన్ని మాత్రం వదల్లేదు. స్టెబిలైజర్ కొన్నాను. కొంతవరకు కాపాడుతుంది, వోల్టేజీ మరీ పడిపోతే అదే కరెంటు ఆపేస్తుంది. పైగా ఆటోలో ఇంకో బరువు. మోటారులో అరిగే కార్బన్ బ్రష్‌లు ఒకసారి మార్పించాను, అది అరుగుదల, దాన్ని తప్పుబట్టను. ఎడతెగకుండా నడిపితే మోటారు వేడెక్కి కాస్త నిదానిస్తుందని కూడా ఇప్పుడు కనిపెట్టాను. అందుకే ఒకే కొలత బుడగల్ని కొన్ని మోటారు చల్లగా ఉన్నప్పుడు, కొన్ని వేడెక్కాక కాకుండా, ఒకే ఊపులో నింపుతాను. రంగు మారితే మొదటిది కన్నంలో పెట్టి చూస్తాను. నా దగ్గరున్న వాటిలో ముత్యపు రంగువి మామూలు వాటికంటే బిర్రుగా ఉంటాయి, అదే సెకన్లకి కొంచెం చిన్నవి వస్తాయి. రెండు నాజిళ్లకీ బుడగలు తొడిగితే ఒక కొలత, ఒకదానికే తొడిగితే ఇంకో కొలత. ఇవేవీ మొదటి ఏడాది నాకు కనపడలేదు. అప్పుడు నా పనంతా నెల్లూరు టౌన్లో, జనరేటర్లున్న హాళ్లలో ఉండేది. అక్కడ మెషీన్ మంచిదే, నేను చెప్పిందీ నిజమే.

ఎండాకాలం ఇంకో సంగతి చెప్పాలి, టైమర్‌ని నమ్మి నేను నష్టపోయింది ఇక్కడ కూడా. 24 డిగ్రీల ఏసీ గదిలో నింపిన బుడగని రోహిణి ఎండలో 42లోకి తెస్తే లోపలి గాలి నూటికి ఆరు పాళ్లు పెరుగుతుంది. 12 అంగుళాల బుడగని నిండా 12కి నింపి ఉంటే దానికి పెరిగే చోటేదీ? నల్లవి, ముదురు నీలాలు వేడి ఎక్కువ లాక్కుంటాయి, ముందు పగిలేవి అవే. నేనిప్పుడు 11కి మించను, బయట పందిరైతే పదిన్నర. ఎండ తగిలితే రెండు మూడు గంటల్లో మెరుపు పోయి బూజు పట్టినట్టు అవుతాయి. అది ఏ మెషీన్ తప్పూ కాదు, రబ్బరు గుణం.

కొనాలా వద్దా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. ఏసీ హాళ్లలో, టౌన్లో, ఎక్కువగా ఆర్చీలు, గార్లండ్లు (బుడగల దండలు) వేసేవాళ్లకైతే టైమర్ ఉపయోగమే, చెయ్యి అలసట చాలా తగ్గుతుంది. గార్లండ్‌కి సైజు అటూ ఇటూ అయినా అదొక అందం. నాలాగ విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట ఊళ్లు తిరుగుతూ, సాయంత్రం పూట ఇళ్ల ముందర బొమ్మలు కట్టేవాళ్లయితే ఆ డబ్బు సగానికి టైమర్ లేనిది కొని, కన్నాల పెట్టె ఒకటి గట్టి ప్లైవుడ్‌లో చేయించుకోమంటాను. నాకు ఇంకో బొమ్మలమనిషి తోడుంటే మాట వేరు. మేమిద్దరమే, అందులో ఒకడికి పరీక్షలొస్తే నేనొక్కదాన్నే. అప్పుడు టైమర్ పెట్టుకుని నింపుకుంటూ పోవడం కూడా ఒక సాయమే, కాదనను. మా వాడైతే దీన్ని అమ్మనివ్వడు.

కావలి ఆమెకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమెకి ఇంతవరకు ఇబ్బంది రాలేదట, ఆమె పని కల్యాణ మండపాల్లో. ఒంగోలు వాళ్లు మాత్రం, "మాకు పిల్లర్లు ఒరుగుతుంటే బుడగలు మంచివి కావనుకున్నాం" అన్నారు. వచ్చే నెల వాళ్లతో కలిసి ఒంగోలు గిత్తని కట్టే పని ఉంది. మూపురం నుంచి తోకదాకా పద్దెనిమిది వరసలు. కన్నాల పెట్టె నేనే తీసుకెళ్తున్నాను.