ఆఫ్ చేసినా బ్యాటరీ తినేసే రెడ్ డాట్ సైట్: కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

డల్లాస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల రైఫిల్ ఉన్న మనవాళ్లందరికీ ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఆన్‌లైన్‌లో వంద డాలర్ల లోపు రెడ్ డాట్ సైట్ (గురి కోసం రైఫిల్ మీద బిగించే, ఎర్ర చుక్క చూపించే పరికరం) చూసి, "50,000 గంటల బ్యాటరీ" అన్న మాట నమ్మి కొనబోతున్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. నేను 89 డాలర్లు పెట్టి కొని మోసపోయాను. డబ్బు పోతే పోయింది. సరిగ్గా అవసరమైన నిమిషంలో సైట్‌లో చుక్క ఆరిపోయింది, అది మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

మా బావకి డల్లాస్‌కి ఉత్తరాన గంటన్నర దూరంలో 12 ఎకరాల పొలం ఉంది. మేకలున్నాయి, ఓ పక్క గోంగూర, బెండ, ఆనప వేస్తాడు. రాత్రికి రాత్రి అడవిపందుల మంద దిగిందంటే తెల్లారేసరికి నాగలితో దున్నినట్టు మళ్లన్నీ తిరగబడి ఉంటాయి. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవిపందుల వేటకి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉంటేనే కుదురుతుంది. పందికి లైసెన్సు అక్కర్లేదట కదా అని వాళ్లు మాత్రం బావగారి రైఫిల్ అందుకోకూడదు.

సంక్రాంతి వారంలో ఆ సైట్‌ను రైఫిల్‌కి బిగించి, రేంజ్‌లో 50 గజాల దగ్గర జీరో చేశాను, అంటే చుక్క పెట్టినచోటే గుండు పడేలా సర్దాను. చుక్క చక్కగా వెలిగింది, గుళ్లు పెట్టినచోటే పడ్డాయి. బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేసి, కేసులో పెట్టి తాళం వేశాను. మళ్లీ తీసింది మార్చి మొదటి వారంలో, బావ ఫోన్ చేస్తే. తెల్లవారుజామున కంచె వెనకాల కూర్చున్నాం. పొగమంచు ఇంకా విడలేదు. అరవై గజాల అవతల మంద కదిలింది. బటన్ నొక్కాను. చుక్క సన్నగా, ఎండిపోయిన కుంకుమ రంగులో వెలిగి, రెండు లెక్కపెట్టేలోగా ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. "ఏమైందిరా?" అని బావ గుసగుసగా అడుగుతున్నాడు. నా రైఫిల్ మీద ఐరన్ సైట్లు (బ్యాటరీ అక్కర్లేని మామూలు లోహపు గురి) లేవు, అన్నీ తీసేసి ఇది ఒక్కటే పెట్టాను. సేఫ్టీ వేసి, గొట్టం నేలకి దించి, ఊరుకున్నాను. గురి లేకుండా పేల్చకూడదని ఆ క్షణంలో బుద్ధి పనిచేసినందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. కంచె అవతల పక్క పొలంవాళ్ల ఇల్లుంది.

మొదట అందరిలాగే బ్యాటరీనే తిట్టుకున్నాను. పెట్టెలో వచ్చిన సీఆర్2032 (నాణెంలా ఉండే బిళ్ల సెల్) మీద కంపెనీ పేరు కూడా లేదు. సరే, అది నాసిరకం అయ్యుంటుందని ఆరు డాలర్లకి 20 సెల్స్ ఉన్న అట్ట తెప్పించాను. మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే మీటర్) పెట్టి చూస్తే అందులో సగం 2.8, 2.9 వోల్టుల దగ్గరే ఉన్నాయి. ఈ సెల్‌ది పేరుకి 3 వోల్టులే గానీ కొత్తది మీటర్‌లో 3.2కి అటూ ఇటూగా చూపించాలి. పైగా ఈ లిథియం కాయిన్ సెల్ స్వభావం ఏమిటంటే, చివరిదాకా వోల్టేజి దాదాపు ఒకేలా నిలబడి, అయిపోయే ముందు ఒక్కసారిగా జారిపోతుంది. టార్చిలైటులా మెల్లమెల్లగా మసకబారి హెచ్చరించదు. కాబట్టి "నిన్న బాగానే వెలిగింది" అన్న మాటకి విలువ లేదు.

తర్వాత షాపుకెళ్లి పేరున్న కంపెనీ సెల్ కొన్నాను. ఈసారి చుక్క వెలిగింది కానీ పేల్చిన ప్రతిసారీ ఒక క్షణం ఆరి వెలిగేది. దీనికి కారణం తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, మీకు ఆ తిప్పలు వద్దు. చిన్నపిల్లలు మింగకుండా ఇప్పుడు కొన్ని కంపెనీలు కాయిన్ సెల్స్‌కి భరించలేని చేదు పూత పూస్తున్నాయి. ఆ పూత స్ప్రింగ్ తగిలేచోట ఉంటే కరెంటు సరిగ్గా అందదు. వస్తువు ఎక్కడుందో చూపించే ఎయిర్‌ట్యాగ్‌కి కూడా ఇలాంటి చేదు పూత ఉన్న సెల్స్ కొన్ని పనిచేయకపోవచ్చని యాపిల్ చెప్పింది. దూదికి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, సెల్ అడుగు భాగాన్నీ సైట్‌లోని స్ప్రింగ్‌నీ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. నాకు ఆ ఆరి వెలగడం దీంతోనే పోయింది. తుడిచాక వేళ్లతో ముట్టుకోకుండా అంచులు పట్టుకుని దింపండి.

ఆ పూతని తిట్టుకోవద్దు. టెక్సస్‌లోనే ఏడాదిన్నర పసిపాప రిమోట్‌లోంచి ఊడిన బటన్ సెల్ మింగి ప్రాణం పోగొట్టుకుంది. ఆ పాప పేరు మీదే 2022లో రీసెస్ లా అనే చట్టం వచ్చింది. గొంతులో ఇరుక్కున్న సెల్ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. తుపాకీకి తాళం వేసి, సెల్స్ అట్టని వంటింటి గట్టు మీద వదిలేసే ఇళ్లు చూశాను నేను. రెండూ తాళంలోనే ఉండాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మంచి సెల్ పెట్టాను, పూత తుడిచాను, మూత కింద ఓ-రింగ్ (నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు చుట్టు) సరిగ్గా కూర్చుందో లేదో చూశాను, మూత మరలు శుభ్రం చేశాను. ఆఫ్ చేసి అల్మరాలో పెట్టాను. ఏడు వారాలకి మళ్లీ చచ్చింది. వాడలేదు, కదపలేదు, ఎండలో పెట్టలేదు. అప్పుడు గానీ అనుమానం రాలేదు: ఆఫ్ అంటే ఇది నిజంగా ఆఫ్ అవుతోందా?

లెక్క చాలా సులువు. సీఆర్2032 కెపాసిటీ సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. దాంతో 50,000 గంటలు, అంటే 5 ఏళ్ల 8 నెలలు రావాలంటే, సైట్ సగటున 4.4 మైక్రో ఆంపియర్లకి (మిల్లీలో వెయ్యో వంతు మైక్రో) మించి లాగకూడదు. ఇది అసాధ్యమేమీ కాదు. స్వీడన్‌కి చెందిన సైట్ల కంపెనీ ఎయిమ్‌పాయింట్ తన మైక్రో టీ-2 మోడల్‌కి ఇదే సెల్‌తో 50,000 గంటలు చెబుతుంది, కాంప్ ఎం4కి ఒక డబుల్ ఏ సెల్‌తో 80,000 గంటలు చెబుతుంది. ఎల్ఈడీని పొదుపుగా వెలిగించడం అంత బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. (లేజర్‌తో పనిచేసే హోలోగ్రాఫిక్ సైట్ల సంగతి వేరు. వాటికి సహజంగానే బ్యాటరీ ఖర్చెక్కువ, వెయ్యి గంటల లెక్కలో మాట్లాడుకోవాలి.)

నేను కొలిచిన పద్ధతి చెబుతాను. ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (గుండు కూర్చునే అర) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే సైట్ మీద చెయ్యి వేయాలి. వీలైతే సైట్‌ను ఊడదీసి బల్ల మీద పెట్టుకోండి, గుళ్లు ఆ గదిలోనే ఉండకూడదు. నా సైట్‌లో సెల్ మైనస్ వైపు కింద స్ప్రింగ్‌కి తగులుతుంది, ప్లస్ వైపు పైన మూతకి తగిలి, మూత ద్వారా సైట్ ఒంటికి కలుస్తుంది. మూత విప్పేసి, మల్టీమీటర్‌ని మైక్రో ఆంపియర్ల మీద పెట్టి, ఎర్ర వైరు సెల్ పైభాగం మీద, నల్ల వైరు మూత బిగించే మరల అంచు మీద ఆనించాను. చుక్క వెలిగింది. ఆఫ్ చేశాను. చుక్క ఆరింది, మీటర్‌లో అంకె మాత్రం దిగలేదు. 187 మైక్రో ఆంపియర్లు. పది నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చున్నాను, చెయ్యి తిమ్మిరెక్కింది. 186, 187, 187.

220 మిల్లీ అంటే 2,20,000 మైక్రో. దాన్ని 187తో భాగిస్తే 1,176 గంటలు. 49 రోజులు. సంక్రాంతి నుంచి మార్చి మొదటి వారం దాకా ఎన్ని రోజులో మీరే లెక్కేసుకోండి.

అమ్మినవాడి రిటర్న్ గడువు 30 రోజులు. ఆఫ్‌లో పెడితే 49 రోజులు లాగే సరుకు, 30 రోజుల గడువు. వాడు కావాలనే చేశాడని నేను అనను, కానీ కొన్నవాడికి లోపం తెలిసేసరికి చేతిలో ఏమీ మిగలదన్నది మాత్రం నిజం. మొదటిసారి రాస్తే "మంచి బ్యాటరీ వాడండి" అన్నారు. మీటర్ వీడియో పంపిస్తే, నా రివ్యూ తీసేస్తే 15 డాలర్లు వెనక్కిస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఆ తర్వాత జవాబు లేదు. వారంటీ కార్డు మీద ఉన్న ఈమెయిల్‌కి రాస్తే తిరిగొచ్చింది. రెండు నెలలకి అదే ఫోటో, అదే 50,000 గంటలు, వేరే పేరుతో మళ్లీ అమ్మకానికి కనిపించింది. అందుకే ఒక పేరు చెప్పి దాన్ని కొనొద్దనడం వల్ల లాభం లేదు. పేరు రేపు మారిపోతుంది.

మా బావ సైట్‌కి గుండ్రంగా తిప్పే డయల్ ఉంది. ఆఫ్ దగ్గర పెడితే మీటర్‌లో సున్నా, తీగ తెగినట్టే. బటన్ల సైట్‌లో అలా కాదు. మీరు ఎప్పుడు నొక్కుతారా అని లోపలి చిప్ సగం మెలకువతో పడుకుని ఉండాలి. బాగా చేసినవాటిలో ఆ కాపలాకి రెండు మూడు మైక్రో ఆంపియర్లు చాలు. స్నేహితుడి దగ్గరున్న మంచి బటన్ సైట్ కొలిస్తే 3 చూపించింది. కదిలిస్తే వెలిగే రకం కొంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ట్రక్కులో తీసుకెళ్తున్నంతసేపూ ఆ కుదుపులకి అది వెలుగుతూనే ఉంటుంది. రోజూ బండిలో తిప్పేవాళ్లు పెట్టె మీద అంకెని నమ్మకూడదు.

వెలుతురు అంకె కూడా చూడండి. నా సైట్ మధ్యస్థంగా పెడితే 310 మైక్రో ఆంపియర్లు, పూర్తిగా పెంచితే 2,400. అంటే పూర్తి వెలుతురులో నాలుగు రోజులకి సెల్ ఖాళీ. అమ్మేవాళ్లు ఏ వెలుతురులో 50,000 గంటలో రాయకపోతే ఆ మాటని లెక్కలోకే తీసుకోకండి. ఇంకొకటి, ఛార్జ్ చేసుకునే ఎల్ఐఆర్2032 సెల్ అచ్చం ఇలాగే ఉంటుంది, దూరిపోతుంది కూడా. నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులుంటుంది. 3 వోల్టుల సైట్‌లో పెట్టకండి, కాలిపోవచ్చు. పలచటి సీఆర్2025 పెట్టి కింద రేకు మడిచి సర్దడం కూడా వద్దు, రైఫిల్ తన్నిన తన్నుకి జరిగిపోతుంది.

సెల్ పెట్టే అర సైట్ అడుగున ఉన్న మోడల్ అయితే, సెల్ మార్చిన ప్రతిసారీ మౌంట్ నుంచి ఊడదీయాలి, మళ్లీ జీరో చూసుకోవాలి. కొనేటప్పుడే పక్కనో పైనో మూత ఉన్నది చూసుకోండి.

నేనిప్పుడు డయల్ ఉన్నది కొన్నాను, మడతపెట్టే ఐరన్ సైట్లు తిరిగి బిగించాను. ఏటా ఆయుధ పూజ నాడు సెల్ మార్చి, మూత పక్కన చిన్న టేపు మీద తేదీ రాస్తాను. ఇక్కడ జింకల సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది, దసరాకి మార్చేస్తే సరిగ్గా సరిపోతుంది. పాత సైట్‌లో సెల్ తీసేసి పక్కన పెట్టాను, ఎవరికీ అమ్మను.

గత 30 రోజుల్లో ఇలాంటి సైట్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రాత్రే కొలవండి. ఇరవై డాలర్ల మీటర్ చాలు, మైక్రో ఆంపియర్ల గుర్తు ఉండాలి అంతే. ఆఫ్‌లో 10 లోపు చూపిస్తే నిశ్చింతగా వాడుకోండి. 50 చూపిస్తే సెల్ ఆఫ్‌లోనే ఆరు నెలలకి అయిపోతుంది. 100 దాటితే మాత్రం అట్టపెట్టె, బిల్లు పారేయకుండా, మీటర్ కనిపించేలా వీడియో తీసి, తెల్లారేలోగా వాపసు పెట్టేయండి.