మైక్రోఆంప్స్ రేంజ్‌తో నా పేచీ: చాన్నాళ్లు వాడిన మల్టీమీటర్ గురించి

వోల్టేజ్ ఎలా చూపిస్తుంది, కంటిన్యుటీ బజర్ ఎంత చురుగ్గా మోగుతుంది, లోపలి బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది లాంటివి ఇక్కడ రాయడం లేదు. ఈ తరగతి మీటర్లన్నీ వాటిలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నాకు రాయాలనిపించింది ఒక్కదాని గురించే, కరెంట్ కొలిచే రేంజ్ గురించి. అందులోనూ మైక్రోఆంప్స్, అంటే ఆంపియర్‌లో పది లక్షల వంతులు. ఆ రేంజ్ ఉందనే ఈ మీటర్ తీసుకున్నాను. ఇప్పుడు నా కోపమంతా దాని మీదే.

మొదట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దీన్ని తెగ పొగిడాను. మైక్రోఆంప్స్‌లో చిన్న రేంజ్ 600.0 దాకా, అందులో చివరి అంకె 0.1 మైక్రోఆంప్. కచ్చితత్వం 0.2 శాతం అని మాన్యువల్‌లో ఉంది. మామూలు రెసిస్టర్, బ్యాటరీ పెట్టి ఓం సూత్రంతో లెక్కగట్టి చూస్తే రీడింగ్ అచ్చు అలాగే వచ్చేది. ఎల్ఈడీ ఎంత తాగుతోంది, రెగ్యులేటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత లాగుతోంది లాంటివి చూసినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఆ పొగడ్తలు అబద్ధం కాదు. అయితే అవన్నీ కరెంట్ నిలకడగా ఉండే సర్క్యూట్ల వరకే.

అసలు గొడవ ఒక సెన్సర్ బోర్డుతో వచ్చింది. రెండు పెన్సిల్ సెల్స్ మీద నడిచే చిన్న బోర్డు. నిమిషానికోసారి నిద్ర లేచి, ఉష్ణోగ్రత చూసి, రేడియోలో పంపి, మళ్లీ పడుకుంటుంది. లేచి ఉండేది ఓ 5 మిల్లీసెకన్లు. ఆ కాసేపూ దాదాపు 20 మిల్లీఆంప్స్ లాగుతుంది. మిగతా కాలమంతా కొద్ది మైక్రోఆంప్స్ చాలు. సెల్స్ ఎన్నాళ్లు వస్తాయో తేలాలంటే ఆ కొద్ది ఎంతో తెలియాలి. సరే, ఉన్నది అందుకే కదా అని మీటర్‌ను సిరీస్‌లో పెట్టి, నాబ్ మైక్రోఆంప్స్ వైపు తిప్పి, సెల్స్ వేశాను.

డిస్‌ప్లే మీద 4200. తర్వాత 3800. మళ్లీ 4500. అంకెలు ఒక చోట నిలవవు. బోర్డు అసలు నిద్రే పోవడం లేదన్నమాట. స్లీప్ కోడ్ మీద అనుమానం, ఏదో పిన్ గాల్లో వదిలేశానని అనుమానం, సెన్సర్ చిప్ లీక్ అవుతోందని అనుమానం. సెన్సర్ పీకేసినా అదే వరస. విచిత్రం ఏమిటంటే మీటర్ తీసేసి నేరుగా సెల్స్ కలిపితే అంతా సవ్యంగా ఉంటుంది. నిమిషానికోసారి ఎల్ఈడీ ఒక్కసారి మినుక్కుమంటుంది, అవతల రిసీవర్‌కి సందేశం అందుతుంది. మీటర్ పెట్టగానే ఎల్ఈడీ పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటుంది, సందేశం ఒక్కటీ రాదు.

జవాబు మాన్యువల్ చివర్లో, ఎవరూ చదవని పట్టికలో ఉంది. బర్డెన్ వోల్టేజ్ అని ఒక గడి. మైక్రోఆంప్స్ రేంజ్‌కి ఒక్కో మైక్రోఆంప్‌కి 100 మైక్రోవోల్టులు. వినడానికి పిసరంత. కానీ దీని అర్థం, ఆ రేంజ్‌లో మీటర్ నా సర్క్యూట్ మధ్యలో 100 ఓంల రెసిస్టర్ పెట్టి, దాని రెండు కొసల మధ్య వోల్టేజ్ చూసి, దాన్నే కరెంట్‌గా లెక్కగట్టి చూపిస్తోందని. ఆ రెసిస్టర్‌నే షంట్ అంటారు. బోర్డు నిద్రలో ఉండి 6 మైక్రోఆంప్స్ లాగితే షంట్ దగ్గర పోయేది 0.6 మిల్లీవోల్టు, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. రేడియో ఆన్ అయి 20 మిల్లీఆంప్స్ అడిగితే? 2 వోల్టులు అక్కడే పోతాయి. కొత్త సెల్స్ ఇచ్చేది 3.1 వోల్టులు. బోర్డుకి మిగిలేది 1.1. చిప్‌లోని బ్రౌన్-అవుట్ కాపలా 2 వోల్టుల కిందికి దిగగానే రీసెట్ కొట్టేస్తుంది. రీసెట్ కాగానే కరెంట్ తగ్గి వోల్టేజ్ లేస్తుంది, చిప్ బూట్ అయి మళ్లీ రేడియో ఆన్ చేస్తుంది, మళ్లీ పడిపోతుంది. నేను చూస్తున్న 4200 ఈ తతంగానికి సగటు. అంకె తప్పు కాదు, అంత కరెంట్ నిజంగానే పారుతోంది. కాకపోతే పారేది మీటర్ ఉన్నందువల్ల. మీటర్ లేనప్పుడు ఎంత పారుతుందో చెప్పమంటే, పెట్టాక ఎంత పారుతుందో చెప్పింది. 0.2 శాతం కచ్చితత్వంతో మరీ చెప్పింది!

మిల్లీఆంప్స్ రేంజ్ వాడొచ్చు కదా అంటారు. అక్కడ మొత్తం 1.8 ఓంలే. షంట్ ఒక ఓం, మిగతాది ఫ్యూజ్, వైర్లు. 20 మిల్లీఆంప్స్‌కి పోయేది 36 మిల్లీవోల్టులు, బోర్డు హాయిగా నడుస్తుంది. కానీ ఆ రేంజ్‌లో చివరి అంకె విలువ 10 మైక్రోఆంప్స్. నాకు కావాల్సింది 6 చుట్టుపక్కల ఎక్కడో ఉంది. డిస్‌ప్లే కాసేపు 0.00 అంటుంది, కాసేపు 0.01 అంటుంది. పోనీ మిల్లీఆంప్స్‌లో బూట్ చేసి, నిద్రపోయాక మైక్రోఆంప్స్‌కి మారదామంటే, నాబ్ ఒక స్థానం నుంచి రెండో దానికి వెళ్లే క్షణంలో సర్క్యూట్ తెగిపోతుంది. మళ్లీ బూట్, మళ్లీ మొదటికి. చాలా మీటర్లలో నాబ్ ఇలాగే ఉంటుందట. ఉంటే ఉండనీ, ఈ మీటర్ డబ్బా మీద మాత్రం తక్కువ కరెంట్ సర్క్యూట్లకు అనువైనది అని పెద్దక్షరాల్లో రాశారు, అక్కడే నాకు మండుతుంది.

దీనికి నాటు వైద్యాలు రెండు మూడున్నాయి. ప్రోబ్‌ల మధ్య ఒక స్విచ్ పెట్టి, బూట్ అయ్యేదాకా మూసి, నిద్రపోయాక తెరవడం ఒకటి. నిమిషంలోపు రీడింగ్ చూసుకోవాలి, లేదంటే మళ్లీ లేచి కూర్చుంటుంది. బోర్డు వైపు చార్జి దాచుకునే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం ఇంకొకటి. రేడియో అడిగే ఆ కాస్త చార్జి కెపాసిటరే ఇచ్చేస్తుంది, వోల్టేజ్ ఓ 0.1 మించి పడదు. ఇది బాగా పనిచేసింది, కానీ రీడింగ్ మొదట్లో పెద్దగా ఉండి నిమిషాల తరబడి మెల్లగా దిగుతూ వచ్చింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తనే కొన్ని మైక్రోఆంప్స్ లీక్ చేస్తుంది మరి. చార్జి అయిన కొద్దీ ఆ లీకేజ్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. బోర్డు లేకుండా కెపాసిటర్ ఒక్కదాన్నే కొలిచి, అది తీసేస్తే తప్ప అసలు లెక్క తేలదు. 6 మైక్రోఆంప్స్ కోసం వెతుకుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇక ఆ 0.2 శాతం. దాని పక్కనే ప్లస్ 4 కౌంట్లు అని కూడా ఉంటుంది, కౌంట్ అంటే చివరి అంకెలో ఒక మెట్టు. 0.1 చొప్పున నాలుగు కౌంట్లంటే 0.4 మైక్రోఆంప్. 500 కొలిచేటప్పుడు ఎవరికీ పట్టదు. 6 కొలిచేటప్పుడు అదొక్కటే 6 శాతం పైన. ముందు నేను పొగిడిన కచ్చితత్వం రేంజ్ పై కొసన ఉంది, నా అవసరం అడుగున ఉంది.

ఇంతసేపూ తిట్టాను కాబట్టి ఇదే మీటర్ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి కూడా చెప్పాలి. అది కరెంట్ రేంజ్‌లో లేదు, మిల్లీవోల్ట్ రేంజ్‌లో ఉంది. ప్రోబ్‌లను వోల్టేజ్ జాక్‌లోకి మార్చి, ఒక శాతం టాలరెన్స్ ఉన్న 1 కిలోఓం రెసిస్టర్‌ను బోర్డుకి సిరీస్‌లో సోల్డర్ చేసి, దాని మీద అడ్డంగా ఒక మామూలు సిలికాన్ డయోడ్ వేశాను. బోర్డు నిద్రలో ఉంటే రెసిస్టర్ మీద కొద్ది మిల్లీవోల్టులే ఉంటాయి, అంత తక్కువలో డయోడ్ ఉన్నా లేనట్టే. రేడియో లేచి 20 మిల్లీఆంప్స్ అడగగానే డయోడ్ తెరుచుకుని కరెంట్‌ను తన మీదుగా పంపేస్తుంది. పోయేది 0.7 వోల్టులు, మిగిలేది 2.4. బ్రౌన్-అవుట్ గడప దాటదు. కెపాసిటర్ అక్కర్లేదు, స్విచ్ అక్కర్లేదు.

డిస్‌ప్లే మీద 6.21 మిల్లీవోల్టులు. ఒక కిలోఓం మీద ఒక మిల్లీవోల్ట్ అంటే ఒక మైక్రోఆంప్. కాబట్టి 6.21 మైక్రోఆంప్స్, మార్చి చూసుకునే పని కూడా లేదు. కరెంట్ రేంజ్‌లో 0.1 దగ్గర ఆగిపోయిన చివరి అంకె ఇక్కడ 0.01 దాకా వెళ్లింది. నిమిషానికోసారి అంకె ఒక్కసారి ఎగిరి, వెంటనే మళ్లీ 6.21 దగ్గర కూర్చుంటుంది. బోర్డు లేస్తోంది, పంపుతోంది, పడుకుంటోంది, అన్నీ కళ్లముందే. ఇంకో సుఖం, రెసిస్టర్ బోర్డుకే ఉంటుంది కాబట్టి మీటర్ ఎప్పుడు పెట్టినా తీసినా సర్క్యూట్ తెగదు. ఒక్క జాగ్రత్త ఉంది. క్రోకడైల్ క్లిప్‌ను వేళ్లతో పట్టుకుని చదివితే చివరి అంకె జరుగుతుంది. రెండు వేర్వేరు లోహాలు కలిసే చోట వేడెక్కితే పిసరంత వోల్టేజ్ పుడుతుంది, ఈ రేంజ్‌కి అది కూడా కనిపిస్తుంది. క్లిప్ తగిలించి చెయ్యి తీసేసి కాస్త ఆగితే సర్దుకుంటుంది.

ఆ 6.21తో లెక్క చూస్తే ఇంకో విషయం బయటపడింది. రేడియో నిమిషానికి 5 మిల్లీసెకన్లు 20 మిల్లీఆంప్స్ తాగితే సగటున 1.7 మైక్రోఆంప్స్ కూడా కాదు. సెల్స్‌ను ఎక్కువ తినేది ఆర్భాటంగా లేచే రేడియో కాదు, చప్పుడు లేని నిద్ర. ఇది తేలేదాకా రేడియో పవర్ తగ్గించడం ఎలా అనే కొట్టుకుంటున్నాను.

వోల్టేజ్ చూసి కరెంట్ చెప్పడం దొడ్డిదారిలా అనిపించవచ్చు. నాకూ అనిపించేది. ఆంపియర్ నిర్వచనం ఎలా మారుతూ వచ్చిందో చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఒకప్పుడు సిల్వర్ నైట్రేట్ ద్రావణంలోంచి సెకనుకు 1.118 మిల్లీగ్రాముల వెండిని పేర్చే కరెంట్‌ను ఆంపియర్ అన్నారు. 1948లో దాన్ని వదిలేసి, శూన్యంలో మీటర్ దూరంలో ఉన్న రెండు అనంతమైన తీగల మధ్య, మీటర్ పొడవుకు 2×10⁻⁷ న్యూటన్ల బలం పుట్టించే కరెంట్ అన్నారు. అనంతమైన తీగ ఏ ల్యాబ్‌లో దొరుకుతుంది? 2019 మే 20 నుంచి లెక్క ఎలక్ట్రాన్ మీదికి వచ్చింది. దాని చార్జిని 1.602176634×10⁻¹⁹ కూలుంబులుగా స్థిరపరిచారు. ఆ ప్రకారం నిద్రపోతున్న నా బోర్డులోంచి కూడా సెకనుకు 38 లక్షల కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు పోతున్నాయి. వాటిని ఎవరు లెక్కపెడతారు? ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపే పంపులు ల్యాబుల్లో ఉన్నాయి గానీ, సెకనుకు వంద కోట్లు పంపినా వచ్చేది 160 పికోఆంప్సే, అంటే మైక్రోఆంప్‌లో ఆరువేలో వంతు. అందుకే పెద్ద ప్రమాణ ప్రయోగశాలల్లో కూడా మామూలుగా చేసేది జోసెఫ్సన్ ప్రభావంతో వోల్టును, క్వాంటమ్ హాల్ ప్రభావంతో ఓంను నిలబెట్టి, ఒకదాన్ని రెండో దానితో భాగించడమే. కాబట్టి మీటర్ షంట్ పెట్టడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఎంత పెడుతోందో పట్టిక అడుగున దాచడం మీదే నా పేచీ.

10 ఆంప్స్ రేంజ్ గురించి రెండు ముక్కలు. దాన్ని పెద్దగా వాడలేదు. ఎక్కువ కరెంట్‌ను కొద్ది సెకన్లకు మించి పంపొద్దని మాన్యువల్లోనే ఉంది, షంట్ వేడెక్కుతుంది, ప్రోబ్ వైర్లు కూడా గోరువెచ్చగా అవుతాయి. ఆ పనికి తీగ చుట్టూ పట్టుకుని కొలిచే క్లాంప్ మీటర్ మేలు, తీగ కత్తిరించే పని ఉండదు. కాకపోతే డీసీ చూసే క్లాంప్‌ను ప్రతిసారీ జీరో చేసుకోవాలి, మైక్రోఆంప్స్ దాని వల్ల కాదు.

కొనొచ్చా అంటే, మీరేం కొలుస్తారన్నదాన్ని బట్టి. నా పనంతా 3 వోల్టుల మీద నడిచే, నిద్రపోయి లేచే బోర్డులతోనే, అందుకే ఇంత గొడవ. పవర్ సప్లైలు, మోటార్లు, 12 వోల్టుల లైట్లు చూసేవాళ్లు మిల్లీఆంప్స్ రేంజ్ దాటి రారు, అక్కడ పోయే వోల్టేజ్ వాళ్లకు తెలియను కూడా తెలియదు. వాళ్లకైతే ఇది మంచి మీటరే. నేనూ పారేయలేదు, రోజూ వాడుతున్నాను, మైక్రోఆంప్స్ స్థానం వైపు మాత్రం నాబ్ తిప్పడం మానేశాను. కాయిన్ సెల్‌తో పనిచేసేవాళ్లు ఇంకాస్త ఆలోచించుకోవాలి. వాడేకొద్దీ ఆ సెల్‌ లోపలే పదుల ఓంలు పేరుకుంటాయి, దాని మీద మీటర్ ఇంకో 100 కలిపితే రేడియో మాట అటుంచి బోర్డు బూట్ అవ్వడమే కష్టం. వాళ్లు మీటర్ ఏదైనా సరే, ముందు బర్డెన్ వోల్టేజ్ గడి చూసుకుని, రెసిస్టర్, డయోడ్ కూడా పక్కన పెట్టుకోవడం నయం.