పెళ్లి కెమెరాకు ఏ జూమ్ మేలు: 24తో మొదలయ్యేదా, 28తో మొదలయ్యేదా?

తిరుపతిలో పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లు ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ (పెద్ద సెన్సర్ ఉండి, లోపల అద్దం లేని కెమెరా) కొన్నాక ముందుగా అడిగేది ఒకటే: రోజంతా బాడీకి బిగించి ఉంచడానికి ఏ జూమ్ తీసుకోవాలి? సోనీ వాడేవారికి ఈ ప్రశ్న మరీ చిక్కుగా ఉంటుంది. లెన్సును బాడీకి బిగించే ఈ-మౌంట్ వివరాలను సోనీ 2011లోనే ఇతర కంపెనీలకు తెరిచింది కాబట్టి సిగ్మా, టామ్రాన్ లెన్సులు ధారాళంగా దొరుకుతాయి. ఎంపిక పెరిగినకొద్దీ తికమకా పెరిగింది.

బరిలో ఉన్నవి ప్రధానంగా నాలుగు. పేర్లలోని 24-70 లాంటి అంకెలు జూమ్ పరిధిని మిల్లీమీటర్లలో చెబుతాయి: అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పు, పెద్దదైతే దూరంలోది దగ్గరగా. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 జీ2 2021లో వచ్చింది, బరువు 540 గ్రాములు. సిగ్మా 24-70 ఎఫ్/2.8 ఆర్ట్ రెండో తరం 2024 నాటిది, 735 గ్రాములు. సోనీ సొంత 24-70 ఎఫ్/2.8 జీఎం (జీ మాస్టర్, సోనీ ఖరీదైన వరుస) రెండో తరం 2022లో వచ్చింది, 695 గ్రాములు. నాలుగోది సోనీ 24-105 ఎఫ్/4 జీ. 2017 నుంచీ ఉన్న ఈ లెన్సు 663 గ్రాములు తూగుతుంది. ధరలో టామ్రాన్ జీఎంలో సగానికి లోపే ఉంటుంది, సిగ్మా దాదాపు సగం దగ్గర ఉంటుంది.

చాలామంది ఈ లెన్సులను 70 దగ్గరో 75 దగ్గరో పోల్చి చూస్తారు. పోల్చవలసింది మొదటి అంకె దగ్గర. 24కూ 28కీ మధ్య ఉన్నది నాలుగు మిల్లీమీటర్లే అయినా, కెమెరాకు కనిపించే కోణం మూలనుంచి మూలకు 84 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు పడిపోతుంది. కొలతల్లో చెబితే ఇంకా తేటగా ఉంటుంది. మనుషులకు రెండు మీటర్ల దూరంలో నిలబడ్డామనుకుందాం. 24 మి.మీ. దగ్గర ఫ్రేములో అడ్డంగా మూడు మీటర్లు పడుతుంది. 28 దగ్గర రెండున్నర మీటర్ల పైచిలుకు మాత్రమే. భుజానికి భుజం ఆనించి నిలబడిన మనిషికి అర మీటరు చొప్పున లెక్క వేసుకుంటే, మొదటిదాంట్లో ఆరుగురు వస్తారు, రెండోదాంట్లో అయిదుగురు. ఆ ఆరో మనిషి పెళ్లికూతురి మేనత్తో తాతయ్యో అయి ఉంటారు.

వెనక్కి జరిగితే సరిపోదా అంటారు. జరగడానికి చోటుంటే నిజంగానే సరిపోతుంది. మన దగ్గర చాలా పెళ్లిళ్లలో ఆ చోటు ఉండదు. తిరుమల మఠాల్లో జరిగే పెళ్లిళ్లు చూడండి: చిన్న హాలు, వేదిక చుట్టూ బంధువులు, వీపు వెనకే వీడియో అతని లైటు స్టాండు. తిరుచానూరులో వధువు ముస్తాబయ్యే గదులు మంచం, బీరువా పోను నాలుగడుగులు మిగిలితే గొప్ప. గంగమ్మ జాతర సంగతి సరేసరి. తాతయ్యగుంట గుడి చుట్టుపక్కల వీధుల్లో బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం వేసుకుని భక్తులు మనకు మూరెడు దూరంలోనే నడుస్తుంటారు. చివరి రాత్రి గుడి ముందు మట్టితో తీర్చే అమ్మవారి విశ్వరూపాన్ని, ఎదురుగా ఉన్న జనాన్ని ఒకే ఫ్రేములోకి తేవాలంటే 28 చాలదు. అక్కడ వెనక్కి ఒక్క అడుగు వేసే వీలుండదు.

24కు ఒక లోపముంది, అదీ చెప్పాలి. ఫ్రేము అంచుల్లో నిలబడ్డవారి ముఖాలు, చేతులు పక్కకు సాగినట్టు కనిపిస్తాయి. అందుకే చోటు ఉన్న మండపంలో గ్రూపు ఫొటోను 35 దగ్గర తీయడమే మంచిది. 24 అవసరం గోడ వీపుకు తగిలినప్పుడే. కానీ అప్పుడు అది లేకపోతే ప్రత్యామ్నాయం లేదు.

పొడవు చివర పరిస్థితి వేరు. అక్కడ తగ్గినదాన్ని కోసి తెచ్చుకోవచ్చు. సోనీ ఏ7 ఫోర్ లాంటి 33 మెగాపిక్సెళ్ల బాడీలో ఏపీఎస్-సీ క్రాప్ (సెన్సర్ మధ్యభాగాన్నే వాడే సెట్టింగు) నొక్కితే 70 మి.మీ. సరిగ్గా 105 అవుతుంది, దాదాపు 14 మెగాపిక్సెళ్ల ఫొటో చేతికి వస్తుంది. ఆల్బంలో ఒక పేజీకి అది ధారాళంగా సరిపోతుంది. పైగా ఎఫ్/2.8 దగ్గర క్రాప్ చేసిన ఆ ఫొటోలో వెనకభాగం మసక, 105లో ఎఫ్/4 పెట్టి తీసినదానికి ఇంచుమించు సమానం. అంటే 24-105 కొనడానికి ప్రధానంగా చెప్పే కారణం ఇక్కడే సగం ఖాళీ అవుతుంది. ఏ7 త్రీ లాంటి 24 మెగాపిక్సెళ్ల బాడీ ఉన్నవారికి క్రాప్‌లో 10 మెగాపిక్సెళ్లే మిగులుతాయి, వాళ్లు మాత్రం మరోసారి ఆలోచించాలి.

ఇక వెలుతురు. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/2.8 రెట్టింపు వెలుతురును లోపలికి పంపుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం, జీలకర్ర-బెల్లం పెట్టే వేళకు పురోహితుడి తలమీదుగా ఒక బల్బు, దీపాల వెలుగు. తలంబ్రాలు పోసే చేతులు మసకబారకూడదంటే షట్టర్ వేగం సెకనులో 1/250 దాకా ఉండాలి. 2.8 దగ్గర ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచితే ఫొటోలో గరుకు పెరుగుతుంది) 3200తో నడిచే చోట, ఎఫ్/4 వాడేవారు 6400కు వెళ్లక తప్పదు. 24-105లో స్టెబిలైజర్ ఉంది కదా అని వాదిస్తారు. అది మన చేతి వణుకును ఆపుతుంది, పెళ్లికొడుకు చేతి కదలికను ఆపలేదు. పగటి వెలుగులో చంద్రగిరి రాజమహల్ ముందు ప్రీవెడ్డింగ్, తలకోన ప్రయాణం, ఇంటిల్లిపాది ఫొటోలు మాత్రమే తీసేవారికి 24-105 హాయిగా ఉంటుంది, ఆ లెన్సు మీద నాకు కోపమేమీ లేదు. పెళ్లి పనికి మాత్రం దాన్ని పక్కన పెడతాను.

మిగిలిన మూడింటిలో సోనీ జీఎం గురించి ముందు చెప్పేస్తాను. అది అద్భుతమైన లెన్సు. మొదటి తరం జీఎం 886 గ్రాములుండేది, రెండో తరంలో దాదాపు 190 గ్రాములు తగ్గించారు. 70 మి.మీ. దగ్గర 30 సెంటీమీటర్ల దాకా దగ్గరకు వెళ్లి ఫోకస్ చేస్తుంది కాబట్టి మంగళసూత్రం, వడ్డాణం లాంటి నగలను మన నీడ పడకుండా తీయవచ్చు. ఇతర కంపెనీల లెన్సులకు సోనీ బాడీలు సెకనుకు 15 ఫొటోల హద్దు పెడతాయి, జీఎంకు ఆ హద్దు లేదు. అయితే ఈ హద్దు తగిలేది ఏ9, ఏ1 వరుసల వంటి వేగమైన బాడీలు ఉన్నవారికే. ఏ7 ఫోర్ వేగమే సెకనుకు 10. వీడియోలో ఫోకస్ మారేటప్పుడు ఫ్రేము ఊగకుండా బాడీయే సర్దే సదుపాయం కూడా సోనీ లెన్సులకే పనిచేస్తుంది. వీడియోయే ప్రధాన ఆదాయమైతే జీఎంకు పెట్టిన డబ్బు వృథా కాదు. ఫొటోలే ప్రధానమైతే ఆ తేడా సొమ్ముతో ఇంకో మంచి లెన్సు, ఒక ఫ్లాషు వస్తాయి, పెళ్లివారికి కనబడే లాభం వాటివల్లే ఎక్కువ.

టామ్రాన్ బలం దాని తేలికదనం. సిగ్మా కన్నా దాదాపు 200 గ్రాములు తక్కువ. రాత్రి ఎదుర్కోలుతో మొదలై మర్నాడు అప్పగింతల దాకా కెమెరా మోసేవారి మణికట్టుకు ఆ 200 గ్రాముల విలువ తెలుస్తుంది. ఇంకో లాభం ఫిల్టరు కొలత. టామ్రాన్‌కు 67 మి.మీ., జూమ్ లేని సోనీ 85 ఎఫ్/1.8కూ అదే 67. మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టరు ఒక్కటి కొంటే రెండింటికీ సరిపోతుంది. సిగ్మా, జీఎం రెండూ 82 మి.మీ., ఆ కొలతలో మంచి ఫిల్టర్లు ఖరీదెక్కువ. ఇంకా తక్కువలో సిగ్మాదే 28-70 ఎఫ్/2.8 ఉంది, 470 గ్రాములే. కానీ దుమ్ము, తుంపరల నుంచి దాని రక్షణ మౌంటు దగ్గరి రబ్బరు వరకే. పసుపు, కుంకుమ గాలిలో ఎగిరే జాతరలో, వానాకాలం కపిలతీర్థం జలపాతం తుంపరల దగ్గర నేను దాన్ని బయటకు తీయను.

పెళ్లిళ్లు, జాతరలు రెండూ తీసేవారికి నా ఓటు సిగ్మా 24-70 రెండో తరానికే. మొదటి తరం దాదాపు 830 గ్రాములుండేది, ఇప్పుడు వంద గ్రాములదాకా తగ్గింది, తుంపరలకూ దుమ్ముకూ తట్టుకునేలా కట్టారు, ఎఫ్ అంకెను లెన్సు మీదే మార్చే ఎపర్చర్ రింగు కూడా చేర్చారు. ఫొటో పదునులో జీఎంకు దగ్గరగా నిలుస్తుంది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కలిసి పెళ్లికి వెళ్లే జట్టులో, రెండో బాడీ మీద 16-35 లాంటి వెడల్పు లెన్సు ఎలాగూ ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు టామ్రాన్ తీసుకోవడమే తెలివి, 24 పని ఆ రెండో బాడీ చూసుకుంటుంది. కానన్ వాడేవారికి ఇంత విశాలమైన ఎంపిక లేదు. 2024లో సిగ్మా, టామ్రాన్ కానన్ ఆర్ఎఫ్ మౌంటుకు వచ్చినా ముందు ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ బాడీల) లెన్సులతోనే వచ్చాయి. నికాన్ వారికి సొంత 28-75 ఎఫ్/2.8 ఉంది, టామ్రాన్ గురించి చెప్పిన మాటలు చాలావరకు దానికీ వర్తిస్తాయి.

ఏది ఎంచుకున్నా డబ్బు కట్టే ముందు మీ బాడీని దుకాణానికి తీసుకెళ్లండి. ఒక ఇటుక గోడకు గానీ పుస్తకాల బీరువాకు గానీ నిటారుగా ఎదురుగా నిలబడి, ఎఫ్/2.8 పెట్టి, జూమ్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి తీయండి. నాలుగు మూలలను పెద్దవి చేసి చూడండి. ఒక మూల మాత్రమే మెత్తగా ఉండి మిగతా మూడు వాడిగా ఉంటే లోపలి గాజు సరిగ్గా కూర్చోలేదని అర్థం, ఇంకో పీసు అడగండి. నాలుగు మూలలూ సమానంగా కొద్దిగా మెత్తబడటం మామూలే, ఎఫ్/4కు వెళ్లగానే సర్దుకుంటుంది. జూమ్ తర్వాత కొనవలసినది 85 ఎఫ్/1.8. బరువు 371 గ్రాములే, వెలుతురు 2.8కు రెండింతల పైనే ఇస్తుంది, ముహూర్తం వేళ పెళ్లికూతురి ముఖానికి ఈ జూములేవీ దాని దరికి రావు.